కుట్టు గదిలోకి నెలల తరబడి ఉండే అతిథి వస్తే: గది పంచుకోవడం మేలా, మిషన్ బయటికి తేవడం మేలా?

నాలుగు రోజులుండే చుట్టం కోసం కుట్టు గది సర్దడం పెద్ద పనేం కాదు. మిషన్ మీద కవర్ కప్పి, గుడ్డముక్కలు సంచిలో వేసి, ఒక పరుపు పరిస్తే సరిపోతుంది. వచ్చేవాళ్లు నెలల తరబడి ఉంటారన్నప్పుడే లెక్క మారుతుంది. ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి వచ్చే అత్తయ్య కావచ్చు, కొత్త ఉద్యోగంలో చేరి ఇల్లు దొరికేదాకా ఉండే మేనల్లుడు కావచ్చు. వాళ్లకు అదే ఇల్లు, ఆ నాలుగు గోడలే సొంత చోటు. ఇటు మన కుట్టు పనీ ఆగకూడదు.

ఇలాంటప్పుడు మన ముందు నాలుగు దారులుంటాయి. గదిలో ఒక పక్క మంచం, ఇంకో పక్క మిషన్ ఉంచి పంచుకోవడం. మిషన్‌ను బయటికి తెచ్చి గది మొత్తం అతిథికి ఇచ్చేయడం. గదిని అలాగే ఉంచి అతిథికి హాల్లో పడక వేయడం. కుట్టు సామానంతా అట్టపెట్టెల్లో సర్దేసి వాళ్లు వెళ్లేదాకా ఆపేయడం.

చివరి రెండింటి గురించి ఎక్కువ చెప్పను. హాల్లో పడుకునే మనిషికి అందరూ పడుకున్నాకే నిద్ర, అందరికంటే ముందే మెలకువ. వారం రోజులకే మనిషి నీరసపడిపోతారు. ఒంట్లో బాగోలేనివాళ్లకైతే ఆ మాటే వద్దు. ఇక సామాను కట్టేయడం ఏడాదికి రెండు మూడు సార్లు కుట్టేవాళ్లకు హాయి. వారం వారం మిషన్ ఎక్కేవాళ్లకు, బయటివాళ్ల బట్టలు ఒప్పుకునేవాళ్లకు అది కుదరదు. కాబట్టి అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే.

ఈ రెండింటినీ తూచేటప్పుడు చాలామంది చోటు ఒక్కటే చూస్తారు. నేను ఇంకోటి కూడా చూస్తాను: ఏ ఏర్పాటులో ఒకరినొకరు తక్కువసార్లు అడగాల్సి వస్తుంది? అతిథి ఎవరినీ అడక్కుండా తలుపేసుకోగలగాలి. మనం ఎవరినీ అడక్కుండా దారం రీలు అందుకోగలగాలి. ఈ రెండూ కుదిరితే మిగతావన్నీ సర్దుకుంటాయి.

ముందు కొలతలు

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది అనుకుందాం. సింగిల్ మంచం 3 అడుగులు, 6¼ అడుగులు. అంటే దాదాపు 19 చదరపు అడుగులు. మిషన్ టేబుల్ 4 అడుగులు, 2 అడుగులైతే 8. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి రెండున్నర అడుగులు వదిలితే ఇంకో 10. అల్మారాకు 6, దాని తలుపులు తెరుచుకోవడానికి ఇంకో ఐదు. మొత్తం 48. కాగితం మీద చూస్తే సగం గది ఇంకా ఖాళీయే. కానీ గది తలుపు తిరిగే మేర వదలాలి, మంచం పక్కన నడవడానికి కనీసం రెండడుగులు వదలాలి. చేతికర్రతోనో వాకర్‌తోనో నడిచేవాళ్లయితే ఆ దారి మూడడుగులకు తగ్గకూడదు. ఇవన్నీ తీసేశాక నాలుగడుగుల కటింగ్ టేబుల్ వేసి, దాని చుట్టూ తిరిగే చోటు మాత్రం మిగలదు.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా కటింగ్ టేబుల్ గదిలోంచి వెళ్లాల్సిందే. ఇందులో బెంగపడాల్సిందేమీ లేదు. బట్టను ఎక్కువగా మడత మీదే కత్తిరిస్తాం. 44 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) మడిస్తే 22 అంగుళాలు, 60 అంగుళాల పన్నా మడిస్తే 30. అంటే రెండున్నర అడుగుల వెడల్పున్న మడత టేబుల్ చాలు, పని అయ్యాక గోడకో తలుపు వెనకో ఆనించేయొచ్చు. డైనింగ్ టేబుల్ కూడా పనికొస్తుంది, కాకపోతే దాని ఎత్తు 30 అంగుళాలే. నిలబడి కత్తిరించడానికి మధ్యస్థ ఎత్తున్న మనిషికి 34 నుంచి 36 అంగుళాలు కావాలి. ఒక చొక్కాకైతే ఆ కాస్త వంగడం తెలియదు, వరసగా మూడు నాలుగు కత్తిరిస్తే నడుము పట్టేస్తుంది. టేబుల్ కాళ్ల కింద కదలని చెక్క దిమ్మలు పెడితే ఆ తేడా పోతుంది. నేల మీద కూర్చుని కత్తిరించే అలవాటున్నవాళ్లకు ఈ బాధే లేదు, నేలంత చదునైన బల్ల ఇంకోటి దొరకదు.

అతిథి మంచం మీద మాత్రం కత్తిరించకండి. పరుపు అణిగి కింది పొర జారిపోతుంది, కత్తెర మొనకు దుప్పటి తగులుతుంది, గుండుసూదులు పరుపు అంచున ఉండిపోతాయి.

గది పంచుకుంటే

ఒక్క సందర్భంలో ఇది చాలా బాగా కుదురుతుంది. అతిథి రోజూ ఒకే వేళకు బయటికి వెళ్లి ఒకే వేళకు వచ్చేవాళ్లయి, మన కుట్టు పని పగలే అయిపోయేదైతే. ఇద్దరి వేళలూ కలవవు కాబట్టి ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. సామాను కదపడం ఉండదు, సగం కుట్టిన బట్టను మిషన్ మీద అలాగే వదిలేసి రావచ్చు. కుట్టేవాళ్లకు ఆ సౌకర్యం విలువ తెలుసు.

కానీ చాలాకాలం ఉండేవాళ్లు ఎప్పుడూ అదే వేళల్లో ఉండరు. సెలవు రోజుంటుంది, జ్వరం వస్తుంది, ఇంటి నుంచే పని చేయాల్సి వస్తుంది. పెద్దవాళ్లయితే మధ్యాహ్నం నడుం వాలుస్తారు. మనకు తీరిక దొరికేది సరిగ్గా ఆ వేళకే. ఇంట్లో వాడే ఎలక్ట్రిక్ మిషన్ జోరుగా తొక్కితే నిమిషానికి 700, 800 కుట్లు వేస్తుంది, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ వెయ్యి దాటుతుంది. ఆ దడదడ టేబుల్ కాళ్ల గుండా నేలకు, నేల నుంచి మంచానికి పాకుతుంది. మిషన్ కింద మందపాటి రబ్బరు షీటు వేస్తే కొంత తగ్గుతుంది. మధ్యలో కర్టెన్ కడితే మన చిందరవందర కనిపించదు, లైటు వెలుతురు కొంత ఆగుతుంది, శబ్దం మాత్రం దాదాపు ఆగదు.

బట్ట నూగు సంగతి కూడా ఉంది. ఓవర్‌లాక్ మిషన్ కుడుతూనే బట్ట అంచును కోసేస్తుంది కాబట్టి దాని చుట్టూ సన్నటి నూగు పేరుకుంటుంది. ఉన్ని బట్టలైతే మరీను. ఆస్తమా ఉన్నవాళ్లు పడుకునే గదిలో ఆ మిషన్ ఉండనే కూడదు.

సూదుల గురించి నాకు ఎప్పుడూ టెన్షనే. గుండుసూది జారితే గచ్చు మీద చప్పుడు వినిపిస్తుంది, చాప మీదో రగ్గు మీదో పడితే ఏ శబ్దమూ రాదు. తెల్లవారుజామున చీకట్లో చెప్పులు లేకుండా దిగే పాదానికే అది దొరుకుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గి, గుచ్చుకున్నా తెలియదు. ఆ చిన్న గాయమే ముదిరిపోవచ్చు. గది పంచుకోక తప్పకపోతే రంగు పూసలున్న గుండుసూదులే వాడండి, ఎన్ని తీశారో అన్నీ లెక్కపెట్టి డబ్బాలో పెట్టండి. లేచే ముందు ఒక అయస్కాంతాన్ని నేల మీద, మంచం కింద, చాప అంచుల్లో తిప్పండి. సగం విరిగిన మిషన్ సూదులు కూడా దానికే అంటుకుంటాయి.

మిషన్ బయటికి తెస్తే

మొదటి రోజు చాకిరీ ఎక్కువ, కానీ ఆ తర్వాత ప్రతిరోజూ సుఖం. అతిథికి తలుపున్న గది దొరుకుతుంది. మనం రాత్రి పదింటికి ఊడిన జిప్ కుట్టుకోవాలన్నా ఎవరి నిద్రా చెడదు. దీనికి ఒక షరతు ఉంది. మిషన్ ఒక్కటే తెచ్చి సామాను లోపలే ఉంచితే మాత్రం రెండిటికీ చెడతాం. మిషన్‌లో సగం కుట్టిన ప్యాంటు ఉంటుంది, బాబిన్‌లో దారం అయిపోతుంది, ఆ రంగు రీలేమో మూసిన తలుపు వెనక రెండో సొరుగులో ఉంటుంది. తలుపు తట్టాలా, రేపటిదాకా ఆగాలా? వారంలో రెండుసార్లు ఇలా జరిగితే ఇద్దరికీ ఇబ్బందే.

అందుకే సామాను రకాన్ని బట్టి కాకుండా వాడకాన్ని బట్టి విడదీయాలి. దారాలన్నీ ఒకచోట, బట్టలన్నీ ఒకచోట అని సర్దుకునే అలవాటు మనది. ఇప్పుడు దాన్ని పక్కనపెట్టి, రోజూ చేయి వెళ్లేవన్నీ ఒక చక్రాల ట్రాలీలోకో మూతున్న పెట్టెలోకో ఎత్తండి: నలుపు, తెలుపు, ప్రస్తుతం కుడుతున్న రంగుల దారాలు, బాబిన్లు, సూదుల ప్యాకెట్, రెండు కత్తెరలు, టేపు, చాక్, కుట్లు విప్పే రిప్పర్, జిప్ వేసే ఫుట్, హుక్స్, ఎలాస్టిక్. చేతిలో ఉన్న పని తాలూకు బట్ట ఒక సంచిలో. నెలకోసారి తీసే తానులు, కర్టెన్ బట్ట, కాన్వాస్ చుట్టలు, పాత ప్యాటర్న్ కాగితాలు గదిలోనే ఉండొచ్చు. కాకపోతే వాటిని పై అరల్లోకి మార్చి, కింది అరలు, కనీసం ఒక హ్యాంగర్ కడ్డీ అతిథికి ఖాళీ చేయాలి. నెలల పాటు సూట్‌కేస్‌లోంచి బట్టలు తీసుకుని కట్టుకోవడం ఎవరికైనా నామోషీగానే ఉంటుంది.

ఇక మిషన్ ఎక్కడ? మన పడకగదిలో పెడితే గోప్యంగా ఉంటుంది, కానీ అదే శబ్దం సమస్య మన ఇంటాయనకో పిల్లలకో మొదలవుతుంది. బాల్కనీలో వెలుతురు బాగుంటుందని కొందరు అక్కడ వేస్తారు. తేమకు సూదులు, మిషన్ లోపలి ఇనుప భాగాలు తుప్పు పడతాయి, ఎండకు బట్ట రంగు వెలుస్తుంది, దారం పటుత్వం పోతుంది. నేనైతే హాల్లో కిటికీ ఉన్న మూలకే ఓటేస్తాను. మిషన్ మోటారుకు కరెంటు తక్కువే, సుమారు 100 వాట్లు. ఇస్త్రీపెట్టెకు దానికి చాలా రెట్లు, తరచూ 1000 వాట్లు, కావాలి, కాబట్టి దాన్ని మిషన్ పెట్టుకున్న సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే పెట్టకుండా నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి. ప్లాస్టిక్ బాడీ ఉన్న మిషన్ 6 నుంచి 8 కిలోలు ఉంటుంది, పనయ్యాక ఎత్తి కప్‌బోర్డులో పెట్టేయొచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే పెట్టేయాల్సిందే. స్టాండుతో ఉన్న కాలి మిషన్‌ను ఒక్కరే కదపలేరు. బెల్టు తీసి, ఇద్దరు పట్టుకుని ఒకేసారి మార్చి, ఇక అక్కడే ఉంచాలి.

హాల్లో పెట్టడంలో ఇంకో మేలు ఉంది. అత్తయ్య మా దగ్గర ఉన్నన్నాళ్లూ మిషన్ హాల్లోనే ఉండేది. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కచ్చా కుట్లు విప్పేవారు, గుండీలు కుట్టే సూదికి దారం ఎక్కించి ఇచ్చేవారు. ఎప్పుడు రావాలో, ఎప్పుడు లేచి లోపలికెళ్లి తలుపేసుకోవాలో ఆవిడ ఇష్టం. మిషన్ ఆవిడ గదిలోనే ఉండి ఉంటే ఆ ఎంపిక ఆవిడకు ఉండేది కాదు.

మంచం ఏది?

పంచుకునే గదికి మడత మంచమో, సోఫా కమ్ బెడ్డో, గోడకు నిలబెట్టే మంచమో కావాలి. మూడింటిలోనూ చోటు కలిసొస్తుంది, మూడింటికీ ఒకే లోపం. పొద్దున్నే పక్క ఎత్తాలి, మధ్యాహ్నం పడుకోవాలంటే మళ్లీ వేయాలి. ఓపిక లేని మనిషి ఆ బాధ పడలేక కూర్చునే ఉండిపోతారు. పైగా సోఫా కమ్ బెడ్‌లో చాలావాటికి పరుపు పలచన, మధ్యలో అతుకు నడుముకు తగులుతుంది. గోడ మంచం పడకకు బాగానే ఉంటుంది కానీ గట్టి గోడకు బిగించాలి, ఎవరో కొన్ని నెలలుంటారని అంత ఖర్చు పెట్టడం నాకు సబబు అనిపించదు.

మిషన్ బయటికి వచ్చిన గదిలో ఈ తంటాలేవీ లేవు. మామూలు సింగిల్ మంచం, కింద మూతలున్న పెట్టెల్లో మనం నెలకోసారి తీసే బట్ట. పెట్టెలు పట్టాలని మంచాన్ని మరీ ఎత్తు చేయకండి. పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాలుంటే పెద్దవాళ్లు కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనతాయి, లేవడం తేలిక.

ఉండేది రెండు మూడు వారాలే అని ఖాయంగా తెలిస్తే, పగలంతా వాళ్లు బయటే ఉంటే, గది పంచుకోండి. అంతకు మించితే, లేదా ఎన్నాళ్లో ఎవరికీ తెలియకపోతే, వాళ్లు రాకముందే మిషన్ బయటికి తెచ్చేయండి. వచ్చాక తేవడం అంత బాగుండదు. తమ వల్ల మన పని పాడైందని ప్రతి పెట్టె కదిలినప్పుడల్లా వాళ్లు నొచ్చుకుంటారు. ముందే తెచ్చి, కొత్త మూలలో చిన్న పని ఒకటి, దిండు గలీబు లాంటిది, మొదటి నుంచి చివరిదాకా కుట్టి చూడండి. మధ్యలో ఏ వస్తువు కోసం లేచి గదిలోకి వెళ్లారో అది కూడా ట్రాలీలోకి చేరాలి. ఇక పై అరల్లో మిగిలిన బట్ట ఏ రోజు, ఏ వేళకు తీసుకుంటారో అతిథి వచ్చిన మొదటి రోజే చెప్పేయండి. వాళ్లకు ఆ వేళ కుదరకపోతే వాళ్లు చెప్పిన వేళే ఖాయం చేసుకోండి.