అలసటను లెక్క రాసే ఫుట్‌బాల్ అకాడమీ

బెంగళూరు సర్జాపుర రోడ్డు చుట్టుపక్కల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే టర్ఫ్‌లకు కొదవ లేదు. గడ్డి, ఫ్లడ్‌లైట్లు, జెర్సీల విషయంలో వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కూడా ఉండదు. పదమూడేళ్ల మా అబ్బాయి వెళుతున్న ఈ అకాడమీని నేను గట్టిగా సిఫారసు చేయడానికి కారణం వేరే ఉంది. పిల్లవాడు ఎంతసేపు ఆడాడన్నదానితో పాటు ఆ ఆటకు ఎంత అలసిపోయాడో కూడా ఇక్కడ పుస్తకంలో రాసిపెడతారు.

ప్రాక్టీసు ముగిసిన అరగంటకు కోచ్ ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, సున్నా నుంచి పది వరకు ఉన్న కొలతలో ఈ రోజు ఎంత కష్టంగా అనిపించిందో చెప్పమంటారు. అందరి ముందు అడిగితే పిల్లలు బింకానికి పోయి తక్కువ చెబుతారు కాబట్టి విడిగా అడగడం. ఆ అంకెను ఆడిన నిమిషాలతో హెచ్చవేస్తారు. తొంభై నిమిషాలకు 7 చెప్పిన పిల్లవాడి మీద ఆనాటి భారం 630, అదే కసరత్తుకు 4 చెప్పిన వాడి మీద 360. క్రీడాశాస్త్రంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. మామూలుగా 4 చెప్పే పిల్లవాడు అదే కసరత్తుకు వరసగా 7, 8 అంటున్నాడంటే, నిద్ర ఎలా ఉంది, పరీక్షలేమైనా ఉన్నాయా, స్కూలు జట్టుకు కూడా ఆడుతున్నాడా అని ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటారు.

మేము ఇంతకుముందు పంపిన అకాడమీలో వారానికి ఆరు రోజులు ప్రాక్టీసు ఉండేది. దానికి తోడు స్కూలు జట్టు, వారాంతపు లీగు, అపార్ట్‌మెంట్ టోర్నమెంటు. ఈ నాలుగింటినీ కలిపి కూడినవారు ఎవరూ లేరు. కొన్ని నెలలకు మావాడు కిట్ బ్యాగు సర్దుకోమంటేనే ముఖం ముడుచుకోసాగాడు, టీవీలో మ్యాచ్ చూడటం కూడా మానేశాడు. ఆటగాళ్లలో బర్నౌట్‌ను, అంటే ఆడీ ఆడీ పూర్తిగా విసిగిపోవడాన్ని, కొలవడానికి 2001లో రెడెకీ, స్మిత్ అనే పరిశోధకులు పదిహేను ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. అందులో చూసేవి మూడు: శరీరమూ మనసూ అలసిపోవడం, ఏమీ సాధించడం లేదన్న భావన, ఆటంటేనే విలువ లేకుండా పోవడం. ఈ మూడోదే ఇళ్లలో బద్ధకంగానో పొగరుగానో కనిపిస్తుంది, తిట్లు పడేదీ దానికే.

పెద్ద ఆటగాళ్ల సంగతీ ఇంతకన్నా మెరుగ్గా లేదు. స్పెయిన్ కుర్రాడు పెడ్రి 2020-21లో బార్సిలోనా క్లబ్‌తో పాటు దేశం తరఫున యూరో కప్, టోక్యో ఒలింపిక్స్ కూడా కలుపుకొని డెబ్బైకి పైగా మ్యాచ్‌లు ఆడాడు, ఆ మరుసటి సీజన్‌లో తొడ కండరం గాయం అతన్ని పదేపదే మైదానానికి దూరం చేసింది. 2024లో యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ తొలి దశ మ్యాచ్‌లు ఆరు నుంచి ఎనిమిదికి పెరిగాయి, 2025 వేసవిలో 32 జట్లతో క్లబ్ ప్రపంచ కప్ వచ్చిపడింది. అయినా వాళ్ల తరఫున మాట్లాడటానికి ఫిఫ్‌ప్రో అనే అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘం ఉంది. పదమూడేళ్ల పిల్లవాడికి కోచ్, అమ్మానాన్నలే దిక్కు.

ప్రధానంగా ఆడే ఆటకు వారంలో ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మీద మూడు నెలలు సెలవివ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచిస్తుంది. ఈ అకాడమీ దానికి దగ్గరగానే నడుస్తోంది. వారానికి నాలుగు రోజులే ప్రాక్టీసు, వార్షిక పరీక్షల కాలంలో పూర్తిగా సెలవు. అనంతపురం నుంచి వచ్చిన సహాయ కోచ్‌ను మావాడు ఒకసారి, "అన్నా, ఆదివారం మ్యాచ్‌కు రాకుంటే టీములోంచి తీసేస్తారా?" అని అడిగాడు. "ఎవరు తీసేస్తారు నాయనా? ఆదివారం ఇంట్లో పండుకో, మంగళవారం రా" అన్నారాయన. ఆ మాట తరువాతే మా ఇంట్లో షూ లేసులు మళ్లీ అడగకుండానే బిగుసుకోవడం మొదలైంది.

లోపాలు లేకపోలేదు. ఫీజు చుట్టుపక్కల అకాడమీలకన్నా ఎక్కువ, అదీ మూడు నెలలది ఒకేసారి కట్టాలి. సాయంత్రం బ్యాచ్ ముగిశాక ఆ రోడ్డు మీద ట్రాఫిక్ దాటి ఇల్లు చేరి, అన్నం తిని పడుకునేసరికి ఆలస్యమవుతుంది. నిద్ర గురించి ఇంత పట్టించుకునేవారు ఆ బ్యాచ్‌ను కొంచెం త్వరగా మొదలుపెట్టాలి. అన్నిటికన్నా పెద్ద వెలితి పెద్దవాళ్ల రాత్రి బ్యాచ్. అక్కడికి వచ్చేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వాట్సాప్ గ్రూపులో పేరు ఇచ్చాక మానేస్తే టర్ఫ్ అద్దె మిగతావాళ్ల మీద పడుతుందని, ఒంట్లో ఓపిక లేకున్నా మాట కోసం వచ్చి ఆడేవారు వారిలో ఉన్నారు. వారిని ఎంత అలసిపోయారని అడిగేవారు లేరు. పిల్లల కోసం పెట్టిన పుస్తకంలో వారికీ ఒక పేజీ కేటాయించమని యాజమాన్యాన్ని కోరుతున్నాను.

చేర్పించే ముందు చూసుకోవాలనుకునే తల్లిదండ్రులు ప్రాక్టీసు ముగిసే వేళకు వెళ్లి, ఆ తరువాత అరగంట కూడా అక్కడే ఉండి, కోచ్ పిల్లలను అడిగే తీరు గమనించండి.