పాండాస్‌లో చిక్కొస్తే ప్రశ్న అడగాలా, ఇష్యూ పెట్టాలా, ప్యాచ్ పంపాలా: ఏది మేలు?

జిల్లాల వారీ లెక్కలున్న రెండు ఫైళ్లను, పైథాన్‌లో పట్టికల లెక్కలకు వాడే పాండాస్ లైబ్రరీలో ఊరి పేరు మీద మెర్జ్ చేశారు, అంటే కలిపారు. వరంగల్ కలిసింది, గుంటూరు కలిసింది. హైదరాబాద్ వరుసలో మాత్రం అన్నీ నాన్‌లే (విలువ లేదని చెప్పే గుర్తులే). రెండు ఫైళ్లలోనూ పేరు అచ్చం ఒకేలా ఉంది, స్పేసులు కూడా ఎక్కువ లేవు. ఇక్కడ చాలామంది చేసే పని, నేరుగా పాండాస్ కోడ్ ఉండే గిట్‌హబ్‌కి వెళ్లి ‘మెర్జ్ తెలుగులో పనిచేయడం లేదు’ అని ఇష్యూ, అంటే ఫిర్యాదు, తెరవడం. ఆ ఇష్యూ మూతపడుతుంది, ఎందుకంటే తప్పు పాండాస్‌ది కాదు.

జరిగింది ఇది. యూనికోడ్‌లో ఐత్వానికి సొంతంగా ఒక కోడ్ ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం ఒకటి, కింద వచ్చే గుర్తు ఒకటి అని రెండు కోడ్లుగా కూడా రాయొచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి ఫైల్లో ‘హైదరాబాద్’ పొడవు 9, రెండో ఫైల్లో 10. ఆ కాలమ్ మీద స్ట్రింగ్ నార్మలైజ్ ఫంక్షన్‌ను ‘ఎన్‌ఎఫ్‌సీ’ (విడి కోడ్లను ఒక్కటిగా కలిపే పద్ధతి) అనే విలువతో రెండు వైపులా నడిపితే పేర్లు కలుస్తాయి. అప్పటికీ కలవకపోతే అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉందేమో చూడాలి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో కీబోర్డు దాన్ని పెడుతుంది. నార్మలైజ్ దాన్ని తీసేయదు, రీప్లేస్‌తో విడిగా తీసేయాలి.

ఈ చిక్కును సరైన చోటికి పంపే పరీక్ష ఒకటుంది: పాండాస్‌ను పక్కన పెట్టి, అదే పనిని ఉత్త పైథాన్‌లో చేసి చూడటం. ఆ రెండు హైదరాబాద్‌లను రెండు ఈక్వల్ గుర్తులతో పోలిస్తే పైథాన్ కూడా ‘ఫాల్స్’ అంటుంది. అంటే పాండాస్ దాకా వెళ్లకముందే తేడా ఉంది. పాండాస్‌తో కలిసి పనిచేసే మిగతా లైబ్రరీలకూ ఇదే వర్తిస్తుంది. ఎక్సెల్ ఫైలు రాసేటప్పుడు వచ్చే ఎర్రర్ ఓపెన్‌పైఎక్సెల్‌ది కావచ్చు, పార్కే అనే రకం ఫైలు చదివేటప్పుడు వచ్చేది పైయారోది కావచ్చు, గ్రాఫులో వచ్చేది మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ది కావచ్చు. ఎర్రర్ వచ్చినప్పుడు కనిపించే ట్రేస్‌బ్యాక్‌లో చివరి నాలుగైదు వరుసలు ఏ ఫోల్డర్ పేరుతో ఉన్నాయో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

ప్రశ్న ఎప్పుడు మేలు

‘ఇది ఎలా చేయాలి’, ‘ఇలా ఎందుకు వచ్చింది’ అన్నవన్నీ ప్రశ్నలే. వాటి చోటు ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో. వాడకం గురించిన ప్రశ్నలను అక్కడే పాండాస్ ట్యాగ్‌తో అడగమని ప్రాజెక్టు వాళ్లే చెబుతారు. హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040 కాస్తా 40 అయిపోయిందంటే అది బగ్ కాదు. సీఎస్‌వీ చదివేటప్పుడు అన్నీ అంకెలే ఉన్న కాలమ్‌ను పాండాస్ సంఖ్యగా తీసుకుంటుంది, సంఖ్యకు ముందు సున్నా నిలవదు. చదివేటప్పుడే ఆ కాలమ్‌కు డీటైప్‌గా (విలువల రకంగా) ‘స్ట్రింగ్’ అని చెప్పాలి. చదివేశాక మార్చితే పోయిన సున్నా తిరిగి రాదు. ఒక్క ఖాళీ గడి ఉన్నందుకు 5 కాస్తా 5.0 కావడం కూడా ఈ కోవలోదే.

ప్రశ్నకు జవాబు వస్తుందా రాదా అన్నది ఎక్కువగా మీరిచ్చే డేటా మీద ఆధారపడుతుంది. స్క్రీన్‌షాట్ పెడితే, జవాబు చెప్పాలనుకున్నవాళ్లు దాన్ని చేత్తో టైప్ చేసుకోవాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు. డేటాఫ్రేమ్‌లో (పాండాస్ పట్టికలో) ఐదారు వరుసలు తీసి, టు డిక్ట్ ఫంక్షన్‌తో అచ్చువేసి, ఆ అక్షరాలనే ప్రశ్నలో అతికించండి. ఏం రావాలో చేత్తో రాయండి, ఏం వచ్చిందో ఉన్నదున్నట్టు పెట్టండి, వెర్షన్ చెప్పండి. ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉన్న అసలు వరుసలు బయట పెట్టకండి. కల్పించిన విలువలతో అదే తప్పు మళ్లీ వస్తుందో లేదో చూసి, వాటినే పెట్టండి. ఇలా తగ్గించుకుంటూ పోతుంటే సగం సార్లు కారణం మీకే దొరుకుతుంది.

ఈ దారిలో పెద్ద ప్రమాదం పాత జవాబులు. పదేళ్ల కింద రాసిన, వందల ఓట్లున్న జవాబులో డేటాఫ్రేమ్ అపెండ్ కనబడుతుంది. దాన్ని 2022 జనవరిలో 1.4 వెర్షన్ వద్దంది, 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 తీసేసింది. ఇప్పుడు వాడితే ఆట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది, కాన్‌క్యాట్ వాడాలి. అలాగే రెండు జతల బ్రాకెట్లు వరుసగా పెట్టి విలువ మార్చే చెయిన్డ్ అసైన్‌మెంట్, 3.0లో కాపీ ఆన్ రైట్ (మార్చబోతే విడి కాపీ తీసే పద్ధతి) డిఫాల్ట్ అయ్యాక అసలు డేటాను మార్చదు. లోక్ వాడి ఒకే మెట్టులో మార్చాలి. చాట్‌బాట్లూ ఈ పాత కోడునే చదువుకున్నాయి కాబట్టి తీసేసిన ఫంక్షన్లను ధీమాగా చెబుతుంటాయి. జవాబు ఎవరిదైనా సరే, మీ వెర్షన్‌లో నడిపి చూశాకే నమ్మండి.

మీ ప్రశ్నను ‘ఇది ముందే అడిగారు’ అని మూసేస్తే చిన్నబుచ్చుకోవద్దు. వాళ్లిచ్చిన లింకులో జవాబు ఉంటుందనే మూస్తారు.

ఇష్యూ ఎప్పుడు మేలు

డాక్యుమెంటేషన్ ఒకటి చెబుతుంటే కోడ్ మరొకటి చేస్తే, నిన్నటి వెర్షన్‌లో సరిగా వచ్చిన లెక్క ఇవాళ తప్పు వస్తే, ఎర్రర్ కూడా ఇవ్వకుండా తప్పు విలువ ఇస్తే ఇష్యూ పెట్టాల్సిందే. చివరిది అన్నిటికన్నా ప్రమాదం. అలాంటిది కనబడితే ‘ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే’ అని వదిలేయకండి.

పాండాస్ బగ్ ఫారంలో మొదట మూడు టిక్కులు ఉంటాయి: ఇంతకుముందు ఎవరూ చెప్పలేదని చూశాను, తాజా విడుదలలో ఉందని చూశాను, మెయిన్ బ్రాంచ్‌లో (ఇంకా విడుదల కాని తాజా కోడ్‌లో) కూడా ఉందని చూశాను. మొదటి టిక్కు కోసం వెతికేటప్పుడు మూసేసిన ఇష్యూలను కూడా వెతకాలి. ఎర్రర్ వాక్యంలోంచి మీ ఫైలు పేర్లు, కాలమ్ పేర్లు తీసేసి మిగిలినదాన్ని వెతకాలి. మూడో టిక్కు చూసి చాలామంది ఆగిపోతారు, మెయిన్ బ్రాంచ్ అంటే అంతా కంపైల్ చేయాలేమోనని. అక్కర్లేదు. సైంటిఫిక్ పైథాన్ వాళ్లు ఉంచే నైట్లీ వీల్స్ అనే ప్యాకేజీల్లో మెయిన్ బ్రాంచ్ కోడ్ ముందే కట్టి సిద్ధంగా ఉంటుంది. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి తెరిచి, పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో అక్కణ్ణుంచి ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోతుంది. పనికి వాడే ఎన్విరాన్‌మెంట్‌లో మాత్రం ఇది చేయొద్దు.

ఆ తర్వాత అతికిస్తే చాలు నడిచే కోడ్ ఇవ్వాలి. దానికి మీ డిస్కు మీద ఉన్న ఏ ఫైలూ అవసరం కాకూడదు. చివర్లో షో వెర్షన్స్ ఫంక్షన్ ఇచ్చే అవుట్‌పుట్ మొత్తం పెట్టాలి. నంపై, పైయారో వెర్షన్ల తేడాతో వచ్చే బగ్గులు దాన్నిబట్టే పట్టుబడతాయి.

మునుపు పనిచేసి ఇప్పుడు చెడితే, ఏ వెర్షన్‌లో పనిచేసిందో, ఏ వెర్షన్‌లో చెడిందో రెండూ రాయండి. రెండు ఎన్విరాన్‌మెంట్లలో రెండు వెర్షన్లు పెట్టి చూడటానికి పావుగంట కూడా పట్టదు. ఈ ఒక్క వాక్యంతో మీ ఇష్యూ బరువు మారిపోతుంది. ఇలా వెనక్కి చెడినవాటిని రిగ్రెషన్లు అంటారు, మధ్యమధ్య వచ్చే చిన్న విడుదలల్లో ముఖ్యంగా వీటినే సరిచేస్తారు. ఎప్పట్నుంచో ఉన్న బగ్ అయితే, సరిచేసినా తర్వాతి పెద్ద విడుదల దాకా ఆగాలి.

తెరిచి ఉన్న ఇష్యూలు వేలల్లో ఉన్నాయి. చూసేవాళ్లలో ఎక్కువమంది సొంత సమయం వెచ్చించే వలంటీర్లు. కొన్ని వారాలు జవాబు లేకపోతే తిరస్కరించారని అనుకోవద్దు. ‘ఏమైంది?’ అని అడిగే కన్నా, ఉదాహరణను ఇంకా చిన్నది చేసి జోడిస్తే ఫలితం ఉంటుంది.

‘ఇలాగే రూపొందించారు’ అన్న జవాబు వచ్చినా అది ఎల్లకాలం నిలిచే తీర్పేమీ కాదు. మన తేదీల సంగతే చూడండి. రోజు ముందు, నెల తర్వాత రాసే కాలమ్‌లో 05/06ను పాండాస్ మే 6గా, 25/06ను జూన్ 25గా ఒకే కాలమ్‌లో మౌనంగా చదివేసేది. దానిమీద వచ్చిన ఇష్యూలు, చర్చలు చివరకు పీడెప్-4 అనే ప్రతిపాదన అయ్యాయి. 2.0 నుంచి మొదటి విలువను చూసి ఒకే ఫార్మాట్ ఎంచుకుని, అది కుదరని వరుస వస్తే ఎర్రర్ ఇస్తుంది. అయినా మన తేదీలకు ఫార్మాట్‌ను మనమే చెప్పడం క్షేమం. 05/06 మొదట వస్తే అది ఇప్పటికీ మే 6నే.

పుల్ రిక్వెస్ట్ ఎప్పుడు మేలు

పుల్ రిక్వెస్ట్ అంటే మీ ప్యాచ్‌ను, అంటే కోడ్ మార్పును, చేర్చుకోమని ప్రాజెక్టుకు పంపడం. దాని సమయం, కారణం ఏ ఫైల్లో ఉందో తెలిసి, దాన్ని ఇలా సరిచేయొచ్చని మెయింటెయినర్లలో (ప్రాజెక్టును చూసుకునేవాళ్లలో) ఒకరైనా ఒప్పుకున్నాక. కొత్త ఫీచర్ అయితే చర్చ ముందు, కోడ్ తర్వాత. కొత్త ఆర్గ్యుమెంట్ కావాలని 400 వరుసలు రాసి పంపి, ‘ఇది మాకు అక్కర్లేదు’ అనిపించుకుంటే పోయేది మీ వారాంతమే.

ఖర్చు కూడా లెక్కేసుకోవాలి. మంచి ప్రశ్నకు అరగంట, మంచి ఇష్యూకు గంటో రెండు గంటలో. మొదటి పుల్ రిక్వెస్ట్‌కు ఎన్విరాన్‌మెంట్ సిద్ధం చేసుకోవడానికే పూట పడుతుంది. పాండాస్‌లో సైథాన్, సీ కోడ్ ఉన్నాయి కాబట్టి కంపైలర్ కావాలి. విండోస్‌లో విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ వేసుకోకపోతే బిల్డ్ మొదట్లోనే ఆగిపోతుంది. ఇంకో పొరపాటు: నెట్ ఆదా చేద్దామని డెప్త్ 1తో (పాత చరిత్ర లేకుండా) క్లోన్ చేయడం, లేదా ఫోర్క్ (మీ సొంత కాపీ) నుంచి క్లోన్ చేసి అప్‌స్ట్రీమ్ (అసలు ప్రాజెక్టు) ట్యాగులు, అంటే వెర్షన్ గుర్తులు, తెచ్చుకోకపోవడం. ట్యాగులు లేకపోతే పాండాస్ తన వెర్షన్‌ను ‘0+అన్‌ట్యాగ్డ్’ అని చెప్పుకుంటుంది. అప్పుడు వెర్షన్ చూసే ఇతర ప్యాకేజీలు తిరగబడతాయి. అప్‌స్ట్రీమ్ నుంచి ట్యాగులతో ఫెచ్ చేసి మళ్లీ బిల్డ్ చేస్తే కుదురుకుంటుంది.

మొదటిసారి ఏం పంపాలి? కాలేజీల్లో రెజ్యూమె కోసమని రీడ్‌మీలో ఒక కామా మార్చి పంపే అలవాటు పాకింది. 2020 అక్టోబరులో, పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకు బహుమతిచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో టీ-షర్టు కోసం ఇలాంటివి ఎంతగా వెల్లువెత్తాయంటే, ఒప్పుకున్న ప్రాజెక్టులకే అది పరిమితమయ్యేలా నిర్వాహకులు నిబంధన మార్చాల్సి వచ్చింది. ఒక్క కామా కోసం కూడా లైనక్స్, మ్యాక్, విండోస్ మీద టెస్టులు నడుస్తాయి, ఒక మనిషి కూర్చుని చూడాలి. డాక్యుమెంటేషన్ పని తక్కువదని కాదు. ఒక ఫంక్షన్ వివరణను తీసుకుని, ప్రాజెక్టులోనే ఉన్న వాలిడేట్ డాక్‌స్ట్రింగ్స్ స్క్రిప్టు చూపిన లోపాలన్నీ ఒకేసారి సరిచేసి పంపితే అది నిజమైన సాయం.

అయితే మొదటి అడుగుకు అన్నిటికన్నా మేలైనది ‘నీడ్స్ టెస్ట్స్’ లేబుల్ ఉన్న ఇష్యూ. ఆ బగ్ ఎప్పుడో, వేరే మార్పు వల్ల సరైపోయి ఉంటుంది. మళ్లీ చెడకుండా కాపలా కాసే టెస్ట్ మాత్రం లేదు. ఇష్యూ కింద ‘టేక్’ అని ఒక్క మాట కామెంట్ పెడితే అది మీ పేరున పడుతుంది. ఉదాహరణను మెయిన్ బ్రాంచ్‌లో నడిపి, సరిగా వస్తోందని చూసుకోండి. టెస్ట్స్ ఫోల్డర్‌లో ఆ ఫంక్షన్‌కు సంబంధించిన ఫైలు వెతకండి. మెర్జ్ అయితే రీషేప్ ఫోల్డర్‌లోని మెర్జ్‌లో ఉంటుంది. ఫంక్షన్ మొదటి వరుసలో ఇష్యూ నంబర్ కామెంట్‌గా రాయాలి. వచ్చినదానికి ‘రిజల్ట్’, రావాల్సినదానికి ‘ఎక్స్‌పెక్టెడ్’ అని పేర్లు పెట్టి, అసర్ట్ ఫ్రేమ్ ఈక్వల్‌తో పోల్చాలి. ఎక్స్‌పెక్టెడ్‌ను చేత్తో కట్టండి. అదే ఫంక్షన్‌ను మళ్లీ పిలిచి కడితే ఆ టెస్ట్ దేన్నీ పరీక్షించదు. పంపేముందు బగ్ ఉన్న పాత వెర్షన్‌లో అదే కోడ్ నడిపి, తప్పు వస్తోందని ఒకసారి చూసుకోండి.

బగ్ సరిచేసే మార్పైతే టెస్ట్‌తో పాటు మార్పుల జాబితా ఉండే వాట్స్‌న్యూ ఫైల్లో ఒక వాక్యం కూడా చేర్చాలి, ఉత్త టెస్ట్‌కు అది అక్కర్లేదు. కోడ్‌ను ముందే తనిఖీ చేసే ప్రీ-కమిట్ అనే సాధనం పెట్టుకుంటే స్పేసుల, ఇంపోర్టుల తగాదాలు మీ మెషిన్ మీదే తేలిపోతాయి. మొదటిసారి పంపేవాళ్ల టెస్టులు మెయింటెయినర్ అనుమతి ఇచ్చేదాకా నడవకపోవచ్చు, కంగారు పడొద్దు. మార్పులు అడిగితే కొత్త కమిట్లుగా చేర్చుకుంటూ వెళ్లండి. చివర్లో అన్నీ ఒకటిగా కలిపే చేరుస్తారు.

రేపే గడువుంటే

ఆఫీసులో రిపోర్టు రేపు పొద్దున ఇవ్వాలంటే పుల్ రిక్వెస్ట్ మిమ్మల్ని ఆదుకోదు. ఇవాళ చేర్చుకున్నా విడుదలయ్యేదాకా మీ సర్వర్‌కు రాదు. ముందు పనిచేసిన వెర్షన్‌ను రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో నంబర్‌తో బిగించండి, లేదా ఆ ఒక్క లెక్కను వేరే దారిలో చేయండి. పక్కనే కామెంట్‌గా ఇష్యూ నంబర్ రాసిపెట్టండి. ఆరు నెలల తర్వాత ఈ వంకర ఎందుకుందో అర్థం కాక తలపట్టుకునేవాళ్లకు అదే ఆధారం. ఇన్‌స్టాల్ అయి ఉన్న సైట్ ప్యాకేజెస్‌లోని పాండాస్ కోడునే దిద్దే పని మాత్రం పెట్టుకోకండి. తర్వాతి ఇన్‌స్టాల్‌లో అది చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది.

ఒకవేళ ‘టేక్’ అని తీసుకున్నాక పరీక్షలైనా, ఉద్యోగమైనా అడ్డొచ్చి ముందుకు సాగకపోతే, ఆ ఇష్యూ కింద ‘నేను చేయలేకపోతున్నాను, ఎవరైనా తీసుకోవచ్చు’ అని ఒక్క వాక్యం రాయండి. సగం రాసిన టెస్ట్ ఉంటే బ్రాంచ్ లింకు కూడా ఇవ్వండి, తర్వాత వచ్చినవాళ్లు అక్కణ్ణుంచే మొదలుపెడతారు.