చిన్న అలలకు ఏ సాఫ్ట్‌టాప్ మేలు: ఎనిమిదడుగులదా, ఆరడుగుల ఫిష్షా, ఏడడుగులదా?

విశాఖలో సర్ఫింగ్ చేసేవాళ్లకు చాలా రోజులు దొరికేది మోకాలెత్తు నుంచి నడుమెత్తు అలే. నైరుతి రుతుపవనాల నెలల్లో దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి స్వెల్ (దూరపు గాలులకు పుట్టి సాగివచ్చే అలల వరస) వచ్చినప్పుడు ఛాతీ ఎత్తు అలలు చూస్తాం. బంగాళాఖాతంలో ఎక్కడో తుపాను తిరుగుతుంటే ఇంకా పెద్దవీ వస్తాయి. కానీ బోర్డు కొనేటప్పుడు ఆ రోజులను తలుచుకుని కొనకూడదు. పొద్దున్న నేలగాలి వీస్తూ నీళ్లు నున్నగా ఉండి, అల మాత్రం చిన్నగా, నీరసంగా ఉన్న మామూలు రోజున నీళ్లలోకి దింపేదే మన బోర్డు. ఈ పోలిక ఆ రోజు కోసమే. నురగలో నిలబడటం నేర్చుకుని, ఇంకా విరగని అలను సొంతంగా పట్టుకుని పక్కకు సాగగలిగిన, 65 నుంచి 80 కిలోల బరువున్నవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

పైన మెత్తటి ఫోమ్ పొర ఉన్న సర్ఫ్ బోర్డే సాఫ్ట్‌టాప్. అది నేర్చుకునే పిల్లలదే అన్న అభిప్రాయం పాతబడింది. ఇప్పుడు ‘హై పెర్‌ఫార్మెన్స్’ పేరుతో అమ్మే సాఫ్ట్‌టాప్‌లలో నిజంగా బాగా తిరిగేవి ఉన్నాయి. పాత ఫోమ్ బోర్డునే పొట్టిగా కోసి, రంగులేసి అమ్మేవీ ఉన్నాయి. రెండింటినీ వేరుచేసి చూడటం తెలిస్తే సగం పని అయినట్టే.

చిన్న అలలో బలం తక్కువ. పెద్ద అలైతే అదే తోసుకుపోతుంది, చిన్న అలలో వేగం మనం పుట్టించుకోవాలి. అందుకు బోర్డు నీళ్లలో కూరుకుపోకుండా త్వరగా పైకి తేలి జారాలి. అంటే వెడల్పు ఉండాలి, అడుగుభాగం ముక్కు నుంచి తోక దాకా పెద్దగా వంపు లేకుండా ఉండాలి (ఈ వంపునే రాకర్ అంటారు), ఛాతీ కింద కాస్త మందం ఉండాలి. ఈ మూడూ మామూలు ఫోమ్ బోర్డుల్లోనూ ఉంటాయి. వాటిలో లేనివి రెండు: తోక దగ్గర పదునైన అంచు, వంగకుండా నిలిచే ఫిన్లు (తోక దగ్గర అడుగున ఉండే రెక్కలు). తోక అంచు గుండ్రంగా ఉంటే అడుగున పారే నీళ్లు విడిపోకుండా ఆ గుండ్రం చుట్టూ పైకి అతుక్కుని వస్తాయి, బోర్డును వెనక్కి లాగుతాయి. అంచు పదునుగా ఉంటే నీళ్లు అక్కడే తెగిపోతాయి, బోర్డు వదులుగా ముందుకు పోతుంది. అందుకే బోర్డు మీద ఏ ఛాంపియన్ సంతకం ఉందో చూసేముందు దాన్ని తిరగేసి, తోక దగ్గర చివరి అడుగు మేర అంచు మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా జరిపి చూడాలి. గీత తగిలినట్టు అంచు చేతికి తెలియాలి. తెలియకపోతే దాని పేరు ఏదైనా అది నేర్చుకునేవాళ్ల బోర్డే.

ఇక ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు సంగతి. అమెరికాలో కాస్ట్‌కో దుకాణాలు ఏళ్ల తరబడి 100 డాలర్ల దగ్గర్లో అమ్మిన వేవ్‌స్టార్మ్ ఈ రకానికి పెట్టింది పేరు. వెడల్పు 22.5 అంగుళాలు, ఘనపరిమాణం 86 లీటర్లు. 70 కిలోల మనిషికి కిలోకి లీటరు దాటి తేలే శక్తి ఇస్తుంది. కాబట్టి అలను పట్టుకోవడంలో దీన్ని మించింది లేదు. మోకాలెత్తు అల, కనీసం విరగడానికి కూడా ఇష్టపడని అల, దాన్ని కూడా ఇది అందుకుంటుంది. కానీ మన తీరంలో చాలా చోట్ల అల ఒడ్డుకు దగ్గరగా, ఒక్కసారిగా నిలువుగా లేచి పడుతుంది. అంత పొడవైన, వంపులేని బోర్డు ఆ నిటారు వాలులోకి దిగగానే ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది. తప్పించుకుని దిగినా, తిప్పాలంటే తోక దాకా అడుగులేసి వెనక్కి వెళ్లాలి, అంతలో అల అయిపోతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు నేర్చుకునేవాళ్లు ఉంటే కళ్లు మూసుకుని దీన్నే కొనవచ్చు. మలుపులు నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఇది చాలదు.

దీనికి పూర్తి ఎదురు ఐదడుగులు, ఐదున్నర అడుగుల పొట్టి సాఫ్ట్‌టాప్. చాలామంది దీని మీద మనసు పడేది వీడియోలు చూసే. హవాయికి చెందిన జేమీ ఓబ్రయన్ పైప్‌లైన్ లాంటి భయంకరమైన అలలో ఫోమ్ బోర్డు మీద దూసుకుపోవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆయన నైపుణ్యం సంగతి చెప్పనక్కర్లేదు. కానీ అక్కడ వేగమంతా అలే ఇస్తోంది. బోర్డు వేగం పుట్టించాల్సిన అవసరమే లేదు, నిలబడితే చాలు. ఆ వీడియో చూసి, అదే బోర్డు మన నడుమెత్తు అలలో ఎలా ఉంటుందో ఊహించుకోవడం కుదరదు. మన అలలో ఐదడుగుల బోర్డు మీద 70 కిలోల మనిషి పడుకుంటే ఛాతీ మునుగుతుంది, చేతులు అరిగేలా నీళ్లు తోసినా అల కింద నుంచి వెళ్లిపోతుంది. యాభై కిలోల లోపు పిల్లలకు, ఒడ్డున విరిగే అలలో సరదాగా ఆడుకునేవాళ్లకు సరే. మిగతావాళ్లు దీన్ని వదిలేయడమే మంచిది.

నా దృష్టిలో అసలు పోటీ ఆరడుగుల ఫిష్‌కీ ఏడడుగుల మిడ్‌లెంగ్త్‌కీ (పొట్టి, పొడవు బోర్డులకు నడిమి కొలత) మధ్యే.

ఫిష్ అంటే వెడల్పైన ముక్కు, రెండుగా చీలిన తోక ఉన్న పొట్టి బోర్డు. చిన్న అలల కోసమే పుట్టిన ఆకారం ఇది. క్యాచ్ సర్ఫ్ వాళ్ల స్కిప్పర్, అదే కంపెనీ లాస్ట్ అనే బోర్డుల కంపెనీతో కలిసి తెచ్చిన ఆర్ఎన్ఎఫ్, మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన ఆస్ట్రేలియన్ మిక్ ఫానింగ్ పేరుతో వచ్చే బోర్డుల్లో కొన్ని ఈ కోవలోకి వస్తాయి. 70 కిలోలవాళ్లకు ఆరడుగుల నుంచి ఆరడుగుల ఆరంగుళాల లోపు, 40 నుంచి 45 లీటర్లు ఉన్నది చూసుకోవాలి. కిలోకి 0.6 లీటర్లు అనుకుంటే లెక్క సులభం. మెత్తటి పొర లేని గట్టి బోర్డుకు దుకాణం వాళ్లు చెప్పే లీటర్ల కన్నా ఇది ఎక్కువే. చిన్న అలకు ఆ మాత్రం ఎక్కువ ఉంటేనే పనవుతుంది.

ఈ రకంలో తేడా తెచ్చేది లోపలి కట్టుబడి. చవక ఫోమ్ బోర్డులో ఈపీఎస్ ఫోమ్ (థర్మోకోల్ లాంటిది) దిమ్మ, దాన్లో పొడవునా చెక్క పట్టీలు, పైన మెత్తటి పొర, అడుగున జారుడు ప్లాస్టిక్ షీటు ఉంటాయి. మలుపులో కాలితో నొక్కితే బోర్డే వంగి ఆ బలాన్ని మింగేస్తుంది, మెత్తటి పరుపు మీద నుంచి ఎగరబోయినట్టు ఉంటుంది. మంచి రకంలో ఆ దిమ్మ మీద ముందు ఫైబర్‌గ్లాస్, రెజిన్ పొర వేసి, ఆ తర్వాతే పల్చటి మెత్తటి పొర అంటిస్తారు. నొక్కిన బలం నొక్కినట్టే నీళ్లకు చేరుతుంది. పెద్ద అలలో ఈ తేడా పెద్దగా తెలియదు. నడుమెత్తు అలలో, ప్రతి చిన్న తోపూ వేగంగా మారాల్సిన చోట, బాగా తెలుస్తుంది. దుకాణంలో బోర్డు ముక్కు నేల మీద ఆనించి, తోక పట్టుకుని, మధ్యలో అరచేత్తో నొక్కి చూడండి. కళ్లకు కనిపించేంత వంగితే అది ఏ ధరకైనా పెర్‌ఫార్మెన్స్ బోర్డు కాదు.

ఫిన్ల విషయం ఇంకా ముఖ్యం. మామూలు ఫోమ్ బోర్డు ఫిన్లు మెత్తటి ప్లాస్టిక్‌వి, పైనుంచి స్క్రూలతో బిగించి ఉంటాయి. రెండు వేళ్లతో కొన పట్టుకుని పక్కకు తోస్తే చెవి తమ్మెలా వంగుతాయి. మలుపు తిప్పేటప్పుడు నీళ్లను పట్టుకుని ఎదురు నిలవాల్సింది అవే. అవే వంగిపోతే తోక పక్కకు జారుతుంది, పుట్టించిన వేగం అక్కడితో సరి. అందుకే ఎఫ్‌సీఎస్, ఫ్యూచర్స్ లాంటి కంపెనీల ఫిన్ బాక్సులు (ఫిన్లు బిగించే గాళ్లు) ఉన్న బోర్డునే తీసుకోమంటాను. ఇష్టమైన గట్టి ఫిన్లు మార్చుకోవచ్చు. ఇదొక్కటి లేకపోతే మిగతావన్నీ ఉన్నా లాభం లేదని నా నమ్మకం. చిన్న అలకు రెండు ఫిన్లు లేదా నాలుగు పెట్టుకోవాలి. మధ్య ఫిన్ లేకపోతే వెనక్కి లాగే నీళ్లు తగ్గుతాయి. రెండు ఫిన్ల బోర్డు వదులుగా, చలాకీగా తిరుగుతుంది. నాలుగైతే నిటారు అలలో పట్టు ఎక్కువ. మన ఒడ్డు అలలకు నాలుగు ఫిన్ల వైపే నా మొగ్గు.

అయితే గట్టి ఫిన్ కోస్తుంది. సెలవు రోజున రుషికొండలో మోకాలి లోతు నీళ్లలో పిల్లాపాపలతో జనం నిలబడి ఉండగా, ఫైబర్‌గ్లాస్ ఫిన్లున్న బోర్డును నురగలోకి వదిలేయడం తప్పు. పైన మెత్తగా ఉంది కదా అని ధైర్యం పనికిరాదు, అడుగున ఉన్నది కత్తి. మధ్యలో గట్టిగా, అంచుల్లో రబ్బరుతో ఉండే ఫిన్లు దొరుకుతాయి. జనం ఉండే బీచుల్లో అవే వాడాలి, లేదా జనం లేని వేళ చూసుకుని దిగాలి.

ఏడడుగుల సాఫ్ట్‌టాప్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. నాకది అన్యాయమనిపిస్తుంది. 75 కిలోలు దాటినవాళ్లకు, వారానికి ఒకసారి మాత్రమే నీళ్లలోకి దిగగలిగే ఉద్యోగస్తులకు, భుజాల్లో ఇంకా బలం రానివాళ్లకు ఆరడుగుల ఫిష్ కన్నా ఇదే ఎక్కువ అలలు ఇస్తుంది. మలుపులు పెద్దగా, నెమ్మదిగా వస్తాయి కానీ వస్తాయి. 50 నుంచి 60 లీటర్ల మధ్య ఉండి, ముక్కు దగ్గర కాస్త పైకి వంపున్నది అయితే ఒడ్డు అలలో గుచ్చుకోదు. గంటసేపు నీళ్లలో ఉండి రెండే అలలు పట్టిన మనిషి కన్నా పది పట్టిన మనిషే ఎక్కువ నేర్చుకుంటాడు. పాఠం అంతా నిలబడ్డ ఆ కొద్ది సెకన్లలోనే ఉంటుంది మరి. దీనికీ ఫిన్ బాక్సులు, పదునైన తోక అంచు ఉండాలన్న షరతు మాత్రం మారదు.

అసలు సాఫ్ట్‌టాప్ ఎందుకు, గట్టి ఎపాక్సీ ఫిష్ కొంటే పోదా అనేవాళ్లూ ఉన్నారు. వేగంలో, మలుపులో అదే మెరుగు, సందేహం లేదు. ఒంటరిగా, ఇసుక అడుగున్న చోట, బాగా నేర్చినవాళ్లు సర్ఫింగ్ చేస్తే అదే కొనాలి. కానీ ఒడ్డు అల మనిషినీ బోర్డునూ కలిపి దొర్లించి కొట్టే చోట, గట్టి బోర్డు నుదుటికి తగిలితే కుట్లు పడతాయి, నేలకు తగిలితే పగులు పడుతుంది. దగ్గర్లో బోర్డు రిపేరు చేసేవాళ్లు లేని ఊళ్లో ఆ పగులుతో సీజన్ అంతా పోతుంది. ఆ ఒక్క కారణానికే నేను సాఫ్ట్‌టాప్ వైపు ఉంటాను.

మన ఎండల్లో సాఫ్ట్‌టాప్‌కు అసలు శత్రువు వేడి. ఈపీఎస్ గింజల్లో గాలి ఉంటుంది, వేడికి అది వ్యాకోచిస్తుంది, పొరలను పట్టి ఉంచిన జిగురు మెత్తబడుతుంది, పైపొర బుడగలా లేస్తుంది. ఒకసారి లేచిన పొరను మళ్లీ అంటించడం కష్టం. ఏప్రిల్, మే నెలల్లో అద్దాలు మూసిన కారులో బోర్డు వదిలి టిఫిన్‌కి వెళ్తే చాలు. నలుపు, ముదురు నీలం బోర్డు ఎంత అందంగా ఉన్నా తెలుపు, లేత పసుపు లాంటి లేత రంగే తీసుకోండి. కారు మీద కట్టేటప్పుడు తాడు బిగించి లాగితే అంచుల్లో గుంట పడిపోతుంది, వెడల్పాటి పట్టీ వాడాలి. వ్యాక్స్ అక్కర్లేదని పెట్టె మీద రాసినా, తడి పాదం జారకుండా వెచ్చటి నీళ్లకు వాడే ట్రాపికల్ రకం కొంచెం రుద్దుకుంటే మేలు. ఇక ఆ గరుకు పొర మీద ఒట్టి ఒంటితో పడుకుంటే పొట్ట మీద చర్మం లేచిపోతుంది, రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) వేసుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఒక్క పరీక్ష తప్పక చేయాలి. బోర్డును తోక కిందికి వచ్చేలా నిలబెట్టి పది నిమిషాలు ఆగి, ఫిన్ల మొదళ్లు, లీష్ (బోర్డును కాలికి కట్టే తాడు) ప్లగ్గు, అడుగు ప్లాస్టిక్ షీటు పైపొరతో కలిసే అతుకు, ఈ మూడు చోట్లా వేలితో తడిమి చూడండి. తడి తగిలినా, ఉప్పు తెల్లగా పేరుకుని ఉన్నా లోపలికి నీళ్లు వెళ్తున్నట్టే. అలాంటి బోర్డును సగం ధరకిచ్చినా వద్దనండి.