కేయాస్ ప్రయోగాల కిట్: లోలకం చూసి మురిసిపోకండి, అసలు సరుకు సర్క్యూట్‌లో ఉంది

మొదట్లో ఉన్న పిసరంత తేడా పోనుపోను పెద్దదై, ముందేం జరుగుతుందో చెప్పలేకుండా చేస్తే అదే కేయాస్. దాన్ని చూపించడానికి డిగ్రీ ఫిజిక్స్ ల్యాబ్ కోసం తెప్పించిన కిట్ ఇది. జంట లోలకం (ఒకదాని కింద ఒకటి వేలాడే రెండు కడ్డీలు), మూడు అయస్కాంతాల మీద ఊగే ఇంకో లోలకం, కరెంటుతో కేయాస్ పుట్టించే చువా సర్క్యూట్ బోర్డు వస్తాయి. వోల్టేజీని తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ మనదే.

పిల్లలు ముందు ఎగబడేది జంట లోలకం మీదే. బేరింగులు బాగున్నాయి, వదిలితే చాలాసేపు తిరుగుతుంది. కానీ తిప్పి చూసి ఊరుకుంటే అది ప్రయోగం కాదు, తమాషా. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, ఒకే కోణం నుంచి రెండుసార్లు వదిలి, వీడియోలు పక్కపక్కన ఆడించండి. మొదట్లో రెండూ ఒకేలా కదులుతాయి, కాసేపటికి ఒకదాంట్లో కింది కడ్డీ పల్టీ కొడుతుంది, రెండోదాంట్లో కొట్టబోయి వెనక్కి పడుతుంది, ఇక అక్కణ్ణుంచి దేని దారి దానిదే. 1961లో వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ కంప్యూటర్‌కి 0.506127 బదులు 0.506 ఇస్తే వాతావరణ లెక్క మొత్తం మారిపోయిందని క్లాసులో ఎంత చెప్పినా ఎక్కనిది ఇక్కడ ఎక్కుతుంది. చిన్న కోణం నుంచి వదిలితే ఇదే లోలకం బుద్ధిగా ఊగుతుంది, అదీ చేయించాలి, మాన్యువల్‌లో మాత్రం ఆ ఊసే లేదు.

అయస్కాంతాలది సరదాకే, కొలిచేదేమీ లేదు.

చువా సర్క్యూట్ దగ్గరే డబ్బులు గిట్టుబాటయ్యాయి. ఒక ఇండక్టర్, రెండు కెపాసిటర్లు, ఒక పాట్ (తిప్పి రెసిస్టెన్స్ మార్చే పొటెన్షియోమీటర్), ఆప్ యాంప్‌లతో కట్టిన నాన్‌లీనియర్ భాగం (వోల్టేజీకి తగ్గ నిష్పత్తిలో కరెంటు పెరగనిది), అంతే. 1983లో లియోన్ చువా రూపొందించిందే. కెపాసిటర్ల వోల్టేజీలు స్కోప్‌కి ఇచ్చి, ఎక్స్-వై మోడ్‌లో (ఒక వోల్టేజీ అడ్డంగా, రెండోది నిలువుగా గీసేలా) పాట్ తిప్పుతూ రెసిస్టెన్స్ తగ్గిస్తూ పోతే ముందు ఒక చుక్క, తర్వాత ఒక చుట్టు, అది రెండవుతుంది, నాలుగవుతుంది, ఆ తర్వాత లెక్కకందని గీతలు, చివరికి రెండు రెక్కల డబుల్ స్క్రోల్.

చిక్కల్లా ఆ పాట్‌తోనే. ఒక్క తిప్పుకే మొత్తం రేంజి అయిపోయే చవక రకం ఇచ్చారు. ప్రతి దశా ముందుదానికంటే బాగా ఇరుకవుతుంది, ఆ నిష్పత్తి పోనుపోను భౌతిక శాస్త్రవేత్త ఫైగెన్‌బామ్ చెప్పిన 4.669కి దగ్గరవుతుంది, కాబట్టి నాలుగు చుట్ల దశ వేలు కదిపితే చాలు దాటిపోతుంది. కంపెనీకి రాస్తే డిజైనే అంత అన్నారు! మేమే అది పీకి పది తిప్పుల పాట్ వేసుకున్నాం, ఇప్పుడు ప్రతి దశ దగ్గరా ఆగి రెసిస్టెన్స్ కొలిచి నిష్పత్తి కట్టగలుగుతున్నారు. అంకె ముతగ్గానే వస్తుంది, అయినా పిల్లలు కొలిచి తెచ్చుకున్నది.

స్కోప్ లేని ల్యాబ్ వాళ్లు దీని జోలికి పోవద్దు. ఉన్నవాళ్లు పాట్ కూడా కలిపి ఆర్డర్ పెట్టుకోండి.