స్పీకర్లు కొనేముందు ఏ పాట వినాలి: మాస్ పాటా, కచేరీయా?

షోరూమ్‌లో వినిపించే డెమో పాటను అసలు లెక్కలోకే తీసుకోవద్దు. ఏ స్పీకర్‌లో పెట్టినా అదిరిపోయేలా ఏరి పెట్టుకున్న పాట అది. మన పాటలు మనమే పట్టుకెళ్లాలి.

మాస్ సినిమా పాటతో ఒక లాభం ఉంది. బేస్ ఎంత కిందికి దిగుతుందో, సౌండ్ పెంచితే పెట్టె దడదడలాడుతుందో లేదో నిమిషంలో తేలిపోతుంది. అయిదంగుళాల ఊఫర్ (బేస్ పలికించే భాగం) ఉన్న చిన్న స్పీకర్లు చాలావరకు 50-60 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తాయి, అంతకన్నా కింది శబ్దాన్ని సరిగా పలకలేవు. కానీ ఆ పాటలో డ్రమ్స్ ఎక్కువగా కంప్యూటర్‌లో పుట్టినవే, గొంతుకూ బోలెడు మెరుగులు దిద్దుతారు. అసలు శబ్దం ఎలా ఉంటుందో తెలియనప్పుడు దేనితో పోల్చుకుంటాం?

కచేరీతో ఆ తంటా లేదు. మృదంగాన్ని ఏ గుళ్లోనో దగ్గర కూర్చుని విన్నవాళ్లం కదా. దాని ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు, ఆ గంభీరమైన నాదం దానివల్లే. అరచేతిలో మణికట్టు వైపు భాగంతో నొక్కి జరిపితే ఆ నాదం వంపు తిరుగుతూ పైకి లేస్తుంది. మంచి స్పీకర్‌లో ఆ వంపంతా వినబడుతుంది. నాసిరకం దాంట్లో ‘ధబ్’మని అక్కడే చచ్చిపోతుంది. తంబుర కూడా అంతే. గాయకుడు గొంతెత్తినా అది వెనకాల విడిగా వినిపిస్తూనే ఉండాలి. ఈగల రొదలా గొంతులో కలిసిపోయిందా, ఆ స్పీకర్ వద్దు.

పాడే గొంతు దగ్గర స్పీకర్ లోపం దాగదు. పాటల ఫైళ్లను చిన్నవిగా కుదించే ఎంపీ3 పద్ధతి రూపకర్తల్లో ఒకరైన జర్మన్ ఇంజనీర్ కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ కుదించాక గొంతు చెడుతోందేమో సరిచూసుకోవడానికి వాడిన పాటల్లో ‘టామ్స్ డైనర్’ ఒకటి. సుజాన్ వేగా వాద్యాలేవీ లేకుండా పాడింది అది. మనమైతే స, శ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయేమో చూస్తే చాలు.

పాత రేడియో కచేరీలు మాత్రం తీసుకెళ్లొద్దు. ఎంత గొప్ప గానమైనా మోనో రికార్డింగ్‌లో (రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం వస్తుంది) ఎవరు ఏ పక్క కూర్చున్నారో తెలియదు. రెండు జతలు పోల్చేటప్పుడు సౌండ్ సమానంగా పెట్టమనండి, కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

నా ఓటు కచేరీకే. ఇంట్లో వినేది సినిమా పాటలే అయినా సరే, మాస్ పాట చివర్లో ఒక్క చరణం చాలు. అదే ముందు పెడితే చెవులు హోరెత్తిపోయి, తంబుర సంగతి పట్టించుకునే ఓపిక మిగలదు.