గాల్వేలో మకాం: ఊరి నడుమనా, సముద్రపు ఒడ్డునా?

డబ్లిన్‌లో ఉండే మనవాళ్ళ ఇళ్ళకు ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే, రెండో వారానికల్లా ఈ చర్చ మొదలవుతుంది. డబ్లిన్ చూడటం అయిపోయింది, ఇక మోహర్ కొండచరియలు చూపించాలి. అందుకు పడమటి తీరాన గాల్వేలో రెండు రాత్రులైనా ఉండాలి. గది ఊరి నడుమ ఎయిర్ స్క్వేర్ దగ్గర తీసుకోవాలా, సముద్రపు ఒడ్డున సాల్ట్‌హిల్‌లోనా? రెండింటికీ మధ్య దూరం రెండు మూడు కిలోమీటర్లే. రెండుచోట్లా ఉండి చూశాను కాబట్టి ఎవరైనా అడిగితే నేను ఒకటే ఎదురు ప్రశ్న వేస్తాను: రాత్రి పది గంటలకు మీరు ఏం చేస్తూ ఉంటారు?

ఎయిర్ స్క్వేర్ ఊరి నడుమ ఉన్న పచ్చిక మైదానం. రైల్వే స్టేషన్ దాన్ని ఆనుకునే ఉంటుంది. డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు రెండున్నర గంటల్లో దిగి, పెట్టె ఈడ్చుకుంటూ నడిచే గదికి చేరవచ్చు. మోహర్‌కు, కానమారా కొండప్రాంతానికి వెళ్ళే పర్యాటక బస్సులు కూడా ఉదయం ఈ చుట్టుపక్కలనుంచే బయలుదేరతాయి. కారు లేనివాళ్ళకు ఇంతకంటే సుఖం లేదు. మైదానం నుంచి షాప్ స్ట్రీట్, హై స్ట్రీట్, కీ స్ట్రీట్ ఒకదానిలోకి ఒకటి కలుస్తూ కొరిబ్ నది వైపు దిగుతాయి. వాహనాల బెడద లేని దారి. చివర 1584 నాటి స్పానిష్ ఆర్చ్, పక్కనే ఉరుకులు పెట్టే నది. దారి పొడుగునా వీధి గాయకులు, ఫిడేలు మోతలు, చినుకు పడితే దూరడానికి అడుగడుగునా ఒక గుమ్మం. గాల్వేలో చినుకు పడుతుందా అని అడగక్కర్లేదు, ఎప్పుడన్నదే ప్రశ్న.

ఆ సందడికి ధర కూడా ఉంది. మొదటిసారి స్నేహితులతో వెళ్ళినప్పుడు ఒక పబ్బు మీది గదిలో దిగాం. రాత్రి రెండు వరకు కింద పాటలు, ఆ తర్వాత వీధిలో అవే పాటలు, తెల్లవారకముందే ఖాళీ సీసాలు బండిలోకి కుమ్మరించే చప్పుడు. మేమూ ఒంటిగంట దాకా ఆ పాటల్లోనే ఉన్నాం కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. కానీ లిఫ్టు లేని ఆ ఇరుకు మెట్ల మీద మూడో అంతస్తుకు పెట్టె మోసినప్పుడే అనుకున్నాను, అమ్మానాన్నలను ఇక్కడికి తీసుకురాకూడదని.

తీసుకొచ్చినప్పుడు సాల్ట్‌హిల్‌లో దిగాం. ఎయిర్ స్క్వేర్ నుంచి 401 నంబరు బస్సు వెళ్తుంది. నడిస్తే అరగంట దాటుతుంది. ఇక్కడ చూడదగినది సముద్రమే, ఆ ఒడ్డునే సాగే పొడవాటి నడకబాట. ఎదురుగా అఖాతానికి అవతల క్లేర్ కొండలు, మబ్బు దిగితే మాయం, తేలితే మళ్ళీ ప్రత్యక్షం. బాట చివర బ్లాక్‌రాక్ అనే, సముద్రంలోకి దూకడానికి కట్టిన ఎత్తైన వేదిక ఉంది. స్వెట్టరు మీద కోటు వేసుకుని నిలబడ్డ మా నాన్న కళ్ళముందే, ఆయన వయసు మనిషి ఈతదుస్తుల్లో మెట్లెక్కి నీళ్ళలోకి దూకాడు. పిల్లలుంటే దగ్గర్లో జాతీయ అక్వేరియం కూడా ఉంది, వాన రోజు గడిచిపోతుంది. వంటగది ఉన్న అద్దె ఇల్లు దొరకడం మాకు మరో లాభం. మూడోరోజుకు అందరికీ చారన్నం మీదకు మనసు పోయింది.

ఈ రెండూ కాకుండా కాలేజ్ రోడ్డులో పడక, పొద్దుటి ఫలహారం ఇచ్చే ఇళ్ళు వరసగా ఉన్నాయి. స్టేషన్‌కు నడక దూరమే, రాత్రి నిశ్శబ్దం. ఊళ్ళో చోటు దొరక్కపోతే మంచి మధ్యేమార్గం. జూలై చివర్లో వారంపాటు గుర్రప్పందేలు జరిగినప్పుడు మాత్రం ఎక్కడా ధరలు నేల మీద ఉండవు, ఆ వారం వదిలేయండి.

తిండి విషయంలో పోటీయే లేదు, ఊరి నడుమే మేలు. కీ స్ట్రీట్‌లో మెక్‌డొనాస్ అనే హోటల్ చేపల వేపుడుకు పేరుమోసింది. భీమవరం వైపు మనిషి కాబట్టి మా నాన్న మెచ్చుకోవడం కష్టం. ఆయన కూడా పైపొర విరిచి, లోపల రేకులు రేకులుగా విడివడిన తెల్లటి కండను చూసి, "ముక్క తాజాది, కారమే లేదు" అని తీర్పిచ్చారు. పచ్చి ఆయిస్టర్‌ను, అంటే తినే ఆల్చిప్పను మాత్రం నిమ్మకాయ పిండి ముందు పెట్టినా ముట్టుకోలేదు. ఇక్కడి నాటు ఆయిస్టర్లకు సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకు కాలం. సెప్టెంబరులో వాటికొక ఉత్సవమే ఉంది, 1954 నుంచి జరుగుతోంది.

అమ్మకు ఆరోజు శనివారం, నీచు తగలకూడదు. బంగాళాదుంప ముక్కలైనా తిందువు గాని అన్నాను. చాలాచోట్ల వాటిని చేపలు వేయించిన నూనెలోనే వేస్తారని అడిగితే తెలిసింది. కూరగాయల సూప్‌లోనూ కోడి ఎముకల రసం ఉండవచ్చు, అదీ అడగాలి. చివరికి ఒక చిన్న హోటల్లో శాకాహారపు సూప్, ముదురు గోధుమరంగు సోడా బ్రెడ్ దొరికాయి. అమ్మ ముక్క తుంచి, బరక పిండిని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "ఇందులో మజ్జిగా, సోడా ఉప్పూ కదా?" అంది. వడ్డించిన అమ్మాయిని అడిగితే అవునంది. ఈస్టు వేయరు, ఆ రెండింటి పొంగే. శనివారాల్లో సెయింట్ నికోలస్ చర్చి పక్కన సంత ఉంటుంది, అలాంటి రొట్టె, పండ్లు, జున్ను అక్కడా కొనుక్కోవచ్చు. సాల్ట్‌హిల్‌లో హోటళ్ళు లేవని కాదు, ఎంచుకోవడానికి తక్కువ. పబ్బుల్లోనైతే ఎక్కడైనా వంటగది రాత్రి తొమ్మిదికే మూసేయవచ్చు. మన భోజనవేళకు వెళ్తే వేరుశనగలే గతి.

అందుకని పగలు తిండీ తిరుగుడూ ఊళ్ళో, రాత్రి సాల్ట్‌హిల్‌లో అని పెట్టుకున్నాం. స్నేహితులతో మళ్ళీ వెళ్తే మాత్రం ఎయిర్ స్క్వేరే, కాకపోతే వీధి వైపు కిటికీ లేని గది. జూన్‌లో అక్కడ పది గంటలకు గాని పొద్దు గుంకదు. సాల్ట్‌హిల్ బాట చివరిదాకా నడిచినవాళ్ళు అక్కడి గోడను కాలితో ఒక్క తన్ను తన్ని వెనక్కి తిరగడం స్థానికుల అలవాటు. ఎందుకని నాన్న అడిగారు, ఎవరూ సరిగ్గా చెప్పలేదు. రెండోరోజు రాత్రి పదికి, ఎవరూ చూడటం లేదనుకుని, ఆయనా ఒకటి తన్నారు.