రొయ్య పొట్టు కైటోసాన్ పొడి: చవకే, కానీ లేబుల్‌ను నమ్ముకుంటే కుదరదు

ముందే చెప్పేస్తాను, ఈ కైటోసాన్ పొడి కొనవచ్చు. అయితే డబ్బా మూత తీసి నేరుగా ప్రయోగంలోకి దిగుదామనుకునేవారు కొనకండి.

మన కోస్తాలోని రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో మిగిలే పొట్టుతో ఒక చిన్న సంస్థ దీన్ని తయారుచేస్తోంది. పొట్టులోని కైటిన్ నుంచి అసిటైల్ సమూహాలను తొలగిస్తే వచ్చే సహజ పాలిమరే కైటోసాన్. సంస్థ పేరు రాయను, ఎందుకంటే కింద చెప్పబోయే లోపాలు ఈ వ్యాపారంలో చాలామందివి. తక్కువ అణుభారం రకం తీసుకున్నాను. మేము ఇదివరకు వాడిన దిగుమతి సీసాతో పోలిస్తే గ్రాము ధర నాలుగో వంతు కూడా పడలేదు. ఫార్మసీ కాలేజీలో చిన్న గ్రాంటుతో నెట్టుకొచ్చేవారికి ఆ తేడా విలువ తెలుసు.

నా పని ఇన్సులిన్‌ను మోసే నానో కణాలు చేయడం. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. మింగితే కడుపులోని ఆమ్లం, పేగులోని ఎంజైములు దాన్ని మిగలనివ్వవు. కాబట్టి దాన్ని దాచి తీసుకెళ్లే కణం కావాలి, పని అయ్యాక ఆ కణం ఒంట్లో పేరుకుపోకుండా విచ్ఛిన్నం కావాలి. కైటోసాన్ మీద అందరికీ ఆశ అందుకే. ఆమ్ల ద్రావణంలో దాని అమైనో సమూహాలకు ధనావేశం వస్తుంది. కన్నీళ్లలో, లాలాజలంలో ఉండే లైసోజైమ్ అనే ఎంజైము దాన్ని ముక్కలు చేయగలదు. 1997లో స్పెయిన్‌లోని శాంటియాగో డి కంపోస్టెలా విశ్వవిద్యాలయ బృందం రుణావేశమున్న సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అనే లవణంతో దీన్ని నానో కణాలుగా కట్టే పద్ధతిని ప్రచురించింది. వేడి చేయనక్కర్లేదు, ప్రోటీన్‌ను పాడుచేసే సేంద్రియ ద్రావణులతో పనిలేదు. నేటికీ చాలా ల్యాబుల్లో చేసేది దాదాపు అదే.

ఇక పొడి సంగతి. మంచి కైటోసాన్‌కు వాసన ఉండకూడదు. ఈ డబ్బా మూత తీస్తే మాత్రం చేపల బజారులో నిలబడినట్టే ఉంటుంది. పొట్టులోని ప్రోటీన్ పూర్తిగా పోలేదని అక్కడే అర్థమవుతుంది. ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో రాత్రంతా తిప్పినా అడుగున గోధుమ రంగు నలుసులు మిగిలాయి. ముక్కు మూసుకుని వాడుకుంటే పోతుందిలే అనుకోవద్దు. కణంలో ఎంత ఇన్సులిన్ నిండిందో ప్రోటీన్ పరీక్షతో లెక్కిస్తే, ఈ రొయ్య ప్రోటీన్ కూడా అందులో కలిసి లెక్కను తప్పిస్తుంది. అందుకని ద్రావణాన్ని వడకట్టి, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో పీహెచ్ పెంచి, విడివడిన కైటోసాన్‌ను గోరువెచ్చటి నీటితో బాగా కడిగి ఆరబెట్టాను. తర్వాత వచ్చింది తెల్లటి, వాసన లేని సరుకు. దిగుమతి సీసాలో ఉండేదానికి ఏమాత్రం తీసిపోదు.

అసలు చిక్కు లేబుల్‌తో. దాని మీద ‘డీఅసిటైలేషన్ 75 శాతానికి పైన’ అని ఉంది. అసిటైల్ సమూహాలు ఎంత శాతం తొలగాయో చెప్పే అంకె అది. టైట్రేషన్ చేసి చూస్తే ఒక డబ్బాలో 86 శాతం, తర్వాత తెప్పించిన దానిలో 78 శాతం వచ్చింది. లేబుల్ అబద్ధం చెప్పలేదు, ఉపయోగపడే మాట మాత్రం ఒక్కటీ చెప్పలేదు. ఈ శాతం పెరిగితే కణం మీద ధనావేశం పెరుగుతుంది. అసిటైల్ సమూహాలు మిగిలిన చోట లైసోజైమ్ కోయగలదు కాబట్టి, అవి తగ్గేకొద్దీ విచ్ఛిన్నం నెమ్మదిస్తుంది. మందు ఎంత గట్టిగా పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్న రెండూ ఆ అంకెను బట్టే ఉంటాయి. మొదటి డబ్బాకు కుదిరిన పాళ్లలోనే రెండోదానికి ట్రైపాలీఫాస్ఫేట్ చుక్కలు వేస్తే, నీలి ఛాయ ఉన్న పల్చటి మసక రావాల్సిన చోట తెల్లటి తునకలు తేలాయి. పాళ్లు తగ్గించి మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది.

సంస్థకు ఫోన్ చేశాను. అవతల మాట్లాడినాయన మర్యాదస్తుడే. ‘మేడమ్, పొడి అంతా ఒక్కటే కదండీ, ఎక్కువమంది పంటలకు చల్లడానికి తీసుకుంటారు, ఎవరూ ఇలా అడగలేదు’ అన్నారు. మిరప చేనుకు ఎనిమిది శాతం తేడా లెక్కలోకి రాదేమో, ఇన్సులిన్‌కు వస్తుందండీ అన్నాను. బ్యాచ్ విశ్లేషణ పత్రం పంపుతానన్నారు, పంపారు కూడా. అందులో బూడిద శాతం, తేమ, స్నిగ్ధత ఉన్నాయి. ఆ పత్రం అడక్కుండానే డబ్బాతో వస్తే ఈ సమీక్ష సగం తగ్గేది.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక మాట, ఇప్పుడు చెప్పబోయే ఇబ్బంది పొడి తప్పు కాదు. ఇన్సులిన్ సమవిద్యుత్ బిందువు, అంటే దాని మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్, సుమారు 5.3. అంతకంటే పీహెచ్ పెరిగితేనే దానికి రుణావేశం వచ్చి కైటోసాన్‌ను అంటుకుంటుంది. కైటోసాన్ చూస్తే 6.5 దగ్గరికి వచ్చేసరికి ఆవేశం పోగొట్టుకుని ముద్ద కడుతుంది. పని జరిగేదంతా ఆ ఇరుకు సందులోనే. ఇన్సులిన్‌ను పల్చటి క్షారంలో కరిగించి, ట్రైపాలీఫాస్ఫేట్‌తో కలిపి, కైటోసాన్‌లోకి నెమ్మదిగా వదిలితే మా దగ్గర బాగా నిండింది. పేగులోని తటస్థ పీహెచ్‌లోనూ ఆవేశం నిలవాలంటే ట్రైమిథైల్ కైటోసాన్ లాంటి మార్పు చేసిన రకం కావాలి. అది వీరి దగ్గర దొరకదు.

జంతు ప్రయోగాలకు దీన్ని వాడను. బాక్టీరియా కణ గోడ నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషపదార్థానికి రుణావేశం ఉంటుంది, కైటోసాన్‌కు అది ఇట్టే అంటుకుంటుంది. ఎండోటాక్సిన్ పరీక్ష ఫలితం విశ్లేషణ పత్రంలో లేదు. దానికి ఖర్చయినా శుద్ధమైన రకమే తీసుకోవాలి. విద్యార్థులు చేయి తిప్పుకోవడానికి, తొలి ఫార్ములేషన్లకు మాత్రం ఇది చాలు.

ఐదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను. నేను మళ్లీ కొంటాను, కానీ ఏడాదికి సరిపడేంత ఒకే బ్యాచ్ నుంచి. మీరూ ఆర్డర్ ఇచ్చేటప్పుడు బ్యాచ్ సంఖ్యను బిల్లు మీద రాయించుకోండి.